మందు లేని సూది

తిత్తి మేస్త్రీకి భుజం పట్టేసిందన్న సంగతి అతను నోరు విప్పకముందే గాజు కార్ఖానా మొత్తానికి తెలిసిపోయింది. గొట్టం ఎత్తినప్పుడల్లా మనిషి ఎడమ పక్కకి ఒరుగుతున్నాడు. మనిషంత పొడవున్న ఇనపగొట్టం చివర కరిగిన గాజు ముద్దను చుట్టుకుని, అది జారిపోకుండా తిప్పుతూనే ఊదాలంటే, ఊపిరికి ఎంత పనో భుజానికీ అంతే పని. అతని ఊపిరికి వంక పెట్టగలిగినవాడు లేడు. కొలిమితిత్తిలో పట్టేంత గాలి ఆ బక్క ఛాతీలో ఎక్కడ దాచాడో అనుకుంటూ తోటివాళ్ళు పెట్టిన పేరే అది. పెద్ద పెద్ద హాళ్ళలో వేలాడే దీపాలకు వేసే గాజు గోళాలను అంత నున్నగా ఊదగలిగినవాడు ఆ కార్ఖానాలో అతనొక్కడే. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసినట్టే నడిచేవాడు కూడా.

అతని భార్య అదే కార్ఖానాలో, వెనక గదిలో, సానచక్రం ముందు కూర్చుని చల్లారిన గాజు అంచులు అరగదీస్తుంది. అందుకని ఆమె అందరికీ అంచులమ్మ. ఆ గదికి తలుపు లేదు. చక్రం మీద నీళ్ళు పడుతున్న చప్పుడులో కూడా మొగుడి దగ్గూ తుమ్మూ ఆమెకు విడిగా వినిపిస్తాయి. భుజం సంగతి అందరికంటే ముందు కనిపెట్టిందీ ఆమే.

"ఏమయ్యా, చెయ్యి ఎత్తలేకపోతున్నావా?"

"ఎవరన్నారు? ఎత్తి చూపించమంటావా?" అన్నాడు. ఎత్తి మాత్రం చూపించలేదు.

జలుబు చేస్తే ఇల్లు పీకి పందిరేసే మనిషి, భుజం ఊడిపోతుంటే ఏమీ లేదంటాడు. మెడకీ భుజానికీ మధ్య ఉన్న కండను ఆమె వేలితో నొక్కి చూసింది. లోపల శనగగింజంత ముడి తగిలింది. నొక్కగానే అతని పై ప్రాణం పైనే పోయింది. పోటు చెవి వెనక నుంచి పాకి కణత దాకా వచ్చిందన్నాడు. పట్టీలు వేశారు, నూనె రాశారు, వేడినీళ్ళ సంచి పెట్టారు. ముడి అలాగే ఉంది. గోళాల పని మొదలయ్యే రోజులు దగ్గరపడుతున్నాయి. ఈ చేత్తో గొట్టం నిలబడదు, గొట్టం నిలబడకపోతే గాజు వంకరపోతుంది.

"తమ్ముడి దగ్గరికి పోదాం పద," అని ఆమె చెవినిల్లు కట్టుకుని పోరింది.

తమ్ముడంటే ఆమెకు ఉత్త తమ్ముడే కాదు. తల్లి పోయిననాటికి వాడికి జుట్టు దువ్వుకోవడం కూడా రాదు. చంకనేసుకుని పెంచింది తనే. ఇప్పుడు వాడు ఫిజియోథెరపీ చదివి, పెద్ద రోడ్డు మీద మందుల షాపు పైన ఉన్న క్లినిక్‌లో పనిచేస్తున్నాడు. ఈ మధ్యనే ఎక్కడో శిక్షణకు వెళ్ళి, డ్రై నీడ్లింగ్ అనే విద్య నేర్చుకొచ్చాడు. కండరంలో ముడిపడిన చోట సన్నటి సూది గుచ్చితే, ఆ కండ ఒక్కసారి ఉలిక్కిపడి ముడి వదిలేస్తుందట. సూదిలో మందు ఏమీ ఉండదు. దాన్ని గురించి వాడు చెప్తుంటే అక్క నోరు తెరుచుకుని వినేది. మొగుడు మాత్రం వాణ్ణి ఆటపట్టించడానికి ఇంకో వంక దొరికిందని సంబరపడ్డాడు.

"మందు లేని సూదా? అంటే మీ తమ్ముడు ఉత్త చేతుల్తో వైద్యం చేస్తాడన్నమాట. బాగుంది. నేను కూడా గాజు లేకుండా ఊదుతా."

చివరికి ఒప్పుకున్నాడు. ముడికి భయపడి కాదు, గోళాలు ఇంకొకడి చేతికి పోతాయేమోనన్న భయంతో ఒప్పుకున్నాడు.

సెలవురోజు మధ్యాహ్నం క్లినిక్ మూసి ఉంది. తమ్ముడు తాళం తీసి ఇద్దర్నీ లోపలికి పిలిచాడు. గదిలో మనిషి బోర్లా పడుకోవడానికి మొహం దగ్గర రంధ్రమున్న బల్ల, గోడకి వెన్నెముక బొమ్మ, మూలన వాడేసిన సూదులు పడేసే పసుప్పచ్చ డబ్బా. తమ్ముడు తెల్లకోటు తొడుక్కున్నాడు. దాన్ని చూడగానే బావకి నవ్వొచ్చింది.

"ఒరేయ్ బామ్మర్దీ, నాకోసం కోటు కూడానా? బట్టలు విప్పి నువ్వు ఇంటి చుట్టూ పరిగెత్తిన రోజులు నేనింకా మర్చిపోలేదురా."

"బావా, బోర్లా పడుకో."

"శవంలాగానా? నావల్ల కాదు. కూచుంటా, గుచ్చుకో."

మామూలుగా వచ్చేవాళ్ళతో తమ్ముడు ఈ బేరాలు పెట్టుకోడు. పాత జబ్బులు అడుగుతాడు, ఊపిరితిత్తుల సంగతి అడుగుతాడు, బోర్లా పడుకోబెడతాడు, సూది లోపల ఉన్నంతసేపూ మాట్లాడొద్దంటాడు. అంచులమ్మ ఒకసారి పక్కన కూర్చుని ఇదంతా చూసి మురిసిపోయింది కూడా. కానీ ఎదురుగా ఉన్నది బావ. తన ముక్కు తుడిచిన బావ. వాడు ఒక నిమిషం నీళ్ళు నమిలి, వెనక్కి తిప్పిన కుర్చీ తెచ్చి వేశాడు. బావ కుర్చీవీపు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి సూది బాగా పడింది. వాడు కండను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెలా పట్టుకుని, పక్కటెముకల మీద నుంచి పైకి లాగి, ఆ పట్టుకున్న కండలోకే సూది గుచ్చాడు. ఎందుకలా లాగుతావని అక్క అడిగింది.

"కింద ఊపిరితిత్తి ఉంటుందక్కా. సూది అటు పోకూడదు. కండ నా వేళ్ళమధ్య ఉన్నంతవరకూ భయం లేదు."

అంతలోనే కండ చర్మం కింద చేపపిల్లలా ఒక్క ఎగురు ఎగిరింది. మేస్త్రీ "అమ్మో" అన్నాడు, ఆ వెంటనే "అరె" అన్నాడు. మెడ తిప్పి చూశాడు. ఇన్నాళ్ళూ తిరగని మెడ తిరిగింది. అక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముడి మొహం చూడాలి అప్పుడు. మొదటిసారి బావ ముందు వాడికి మీసం మొలిచినట్టయింది.

రెండో ముడి ఇంకొంచెం లోపలికి, మెడకి దగ్గరగా ఉంది. సూది గుచ్చాడు, కండ ఎగరలేదు. తిప్పాడు, ఎగరలేదు. తీసి మళ్ళీ గుచ్చాడు.

"ఇంకాస్త లోపల ఉందేమో చూడరా," అంది అక్క. ఎందుకందంటే, ఒకటి పోయింది కదా, రెండోది కూడా పోతే మొగుడు హాయిగా ఊదుకుంటాడని అంది. అంతకు మించి ఆమెకు తెలిసిందేమీ లేదు. కానీ అంది.

తమ్ముడు సొరుగు తీసి పొడుగు సూది అందుకున్నాడు. కండను పట్టుకుని లాగి, మెల్లగా దించాడు. "బావా, ఇప్పుడు కదలకు. ఎలా ఉంది?"

"మీ అక్క మాట కంటే నయమేరా," అన్నాడు బావ. "కనీసం దీన్ని నువ్వు మళ్ళీ బయటికి తీస్తావు."

ముగ్గురూ ఒక్కసారి నవ్వారు. అక్క నవ్వింది, తమ్ముడు ఆపుకోలేక నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వింది బావ. తన మాటకి తనే నవ్వడం అతనికి అలవాటు. నవ్వితే ఆ ఛాతీ మొత్తం ఎగిరిపడుతుంది. ఆ ఎగురులో తమ్ముడి వేళ్ళమధ్య ఉన్న కండ జారిపోవడం ఆమె చూసింది. సూది మాత్రం లోపలే ఉంది.

నవ్వు మధ్యలో తెగిపోయి అతనికి దగ్గొచ్చింది. "అబ్బా," అన్నాడు, ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని. తమ్ముడు చటుక్కున సూది తీసేశాడు. దూది అదిమి, రక్తం లేదు చూడమని అక్కకి చూపించాడు. ఒకటి రెండు రోజులు అక్కడంతా సలుపుతుంది, మామూలే, భయపడొద్దన్నాడు. ఆ మాట వాడు వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటే, చాలామంది విషయంలో నిజమైన మాటే.

ఇంటికి వచ్చేదాకా మేస్త్రీ చెయ్యి పైకీ కిందకీ ఎత్తి చూసుకుంటూనే ఉన్నాడు. భుజం నిజంగానే వదిలింది. సాయంత్రానికి మాత్రం మెట్లెక్కి ఆయాసపడ్డాడు. ఊపిరి గట్టిగా పీలిస్తే రొమ్ములో ఏదో గుచ్చుతోందన్నాడు. ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఊపిరి తీస్తే నొప్పంటున్నాడురా."

అటునుంచి వెంటనే జవాబు రాలేదు. ఫోన్ తెగిందేమోనని ఆమె రెండుసార్లు పిలిచింది.

"మామూలే అక్కా," అన్నాడు వాడు. "ఆ కండ ఊపిరికి కూడా కదులుతుంది కదా. కాపడం పెట్టు. రేపు పొద్దున్నకి తగ్గుతుంది."

చదువుకున్నవాడు చెప్పాడు. ఆమె కాపడం పెట్టింది. అతను పడుకోలేక గోడకి దిండు వేసుకుని కూర్చునే నిద్రపోయాడు.

పొద్దున్న వద్దంటే విన్నాడా? గోళాల పని ఆ రోజే మొదలు. "భుజం బాగుపడ్డాక ఇంట్లో కూచుంటే జనం నవ్వుతారే," అని చెయ్యి నెత్తి మీదికి ఎత్తి చూపించాడు. నిజమే, నెలల తరవాత ఆ చెయ్యి అంత పైకి లేచింది. ఇద్దరూ కలిసే కార్ఖానాకి బయల్దేరారు. దారిలో అతను రెండుచోట్ల ఆగి, చెప్పులో రాయి పడిందన్నాడు.

ఆమె సానచక్రం ముందు కూర్చుంది గానీ చెయ్యి పని మీద లేదు. వాకిట్లోంచి కొలిమి కనిపిస్తూనే ఉంది. అతను గొట్టం ముంచి గాజు చుట్టాడు, ఇనపబల్ల మీద దొర్లించాడు, నోట పెట్టుకుని ఊదాడు. గాజు ఉబ్బలేదు. నిమ్మకాయంత అయి ఆగిపోయింది.

"గొట్టం పూడుకున్నట్టుంది," అన్నాడు పక్కన ఉన్నవాడితో. పక్కన ఉన్నవాడు నిప్పులు చూసేవాడు, అతనితో కలిసి ముసలివాడవుతున్న మనిషి. వాడు గొట్టం తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. గొట్టం శుభ్రంగా ఉంది. అయినా వేరే గొట్టం ఇచ్చాడు.

రెండోసారీ అంతే. కార్ఖానాలో ఒక్కొక్కరే చేతిలో పని ఆపారు. తిత్తి మేస్త్రీ ఊదితే గాజు ఉబ్బకపోవడం వాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుకంటే మొండితనం ఎక్కువ ఆ మనిషికి. మూడోసారి గాజు ఎక్కువ చుట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉన్న ఊపిరంతా బిగబట్టి ఊదాడు. ఊదాడు, మళ్ళీ ఊదాడు. గోళం లేచింది. పుచ్చకాయంత అయింది, ఇంకా పెద్దదయింది, ఎక్కడా వంకర లేదు. దాన్ని గొట్టంతో సహా జాగ్రత్తగా తోటివాడి చేతికి అందించాడు. అందించి, కుర్చీలో కూర్చున్నట్టు నేల మీద కూర్చుండిపోయాడు.

ఆమె చేతిలో ఉన్న గాజుగిన్నె చక్రం మీద పడి ముక్కలైంది. పరిగెత్తుకెళ్ళేసరికి అతని పెదవులు నీలంగా ఉన్నాయి. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. నోరు తెరుస్తున్నాడు, గాలి లోపలికి వెళ్తున్నట్టు లేదు. జీవితమంతా గాలితో బతికిన మనిషికి గాలి అందడం లేదు. సరుకు మోసే బండిలో అతన్ని ఎక్కించింది వేరేవాళ్ళు. తను చేసింది ఒక్కటే, తమ్ముడికి ఫోన్. "ఆసుపత్రికి రా," అంది.

వాళ్ళు చేరేసరికి వాడు అత్యవసర విభాగం ముందు నిలబడి ఉన్నాడు. వాణ్ణి చూడగానే ఆమె ప్రాణం కుదుటపడింది. ఇక వాడు చూసుకుంటాడు. వాడికి ఈ భాష వచ్చు.

లోపల డాక్టరమ్మ ఒకామె, చిన్న వయసే, గబగబా పని చేస్తోంది. చొక్కా కత్తిరించి ఛాతీకి తీగలు అంటించారు, మూతికి ఆక్సిజన్ పెట్టారు. ఎడమ రొమ్ములో నొప్పి, ఒళ్ళంతా చెమట, ఈ వయసు మగమనిషి. గుండే అయి ఉంటుందని పక్కనున్న నర్సుతో అంటోంది. తెర పక్కన నిలబడ్డ ఇద్దరివైపూ తిరిగింది.

"ముందు ఏమైనా జరిగిందా? పడ్డారా? దెబ్బ తగిలిందా? ఏదైనా ఇంజెక్షన్, ఏదైనా చికిత్స?"

అంచులమ్మ నోరు తెరిచింది. ఆమెకంటే ముందే తమ్ముడు మాట్లాడాడు.

"ఏమీ లేదు మేడం. కొలిమి దగ్గర పని. వేడి, పొగ. గుండెదే అనుకుంటా."

ఆమె వాడి మొహంలోకి చూసింది. వాడు ఆమెను చూడలేదు. కింద మాత్రం ఆమె మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. చిన్నప్పుడు చీకట్లో భయమేస్తే అలాగే పట్టుకునేవాడు. ఆ పట్టుతో ఆమెకు అంతా అర్థమైంది. నిన్న ఫోన్‌లో వాడు ఎందుకు మాట్లాడలేదో అర్థమైంది. క్లినిక్ వాడిది కాదు. సెలవురోజు తాళం తీసి చేసిన పని. బయటపడితే ఉద్యోగం పోతుంది, పట్టా పోతుంది, ఇంకేం పోతుందో. అంతా అర్థమై కూడా ఆమె నోరు మూసుకుంది. ఏమో, వాడికి తెలిసే అన్నాడేమో, నిజంగా గుండేనేమో, డాక్టర్లు ఎలాగూ కనిపెడతారులే. ఇవన్నీ ఆమె తనకి తాను చెప్పుకుంది. ఒకవైపు తను పెంచినవాడి చెయ్యి, ఇంకోవైపు కట్టుకున్న మనిషి. ఆమె ఆ చెయ్యి విడిపించుకోలేదు.

డాక్టరమ్మ గుండెకి మందు తెమ్మంది. తెస్తున్నారు. మంచం మీద అతని కాళ్ళు దుప్పటిని తన్నుతున్నాయి. యంత్రం మీద అంకె దిగిపోతోంది. అప్పుడు అతను తల తిప్పి ఆమె కోసం వెతికాడు. కళ్ళు కనిపించాయి ఆమెకు. ఆ కళ్ళు ఏమీ అడగలేదు. నువ్వున్నావా అని చూశాయి, అంతే.

"సూది గుచ్చాడు," అంది ఆమె. "నిన్న. ఇక్కడ, భుజం మీద. పొడుగు సూది. వీడే."

తమ్ముడి పట్టు వదిలిపోయింది.

డాక్టరమ్మ ఇంకొక్క మాట అడగలేదు. స్టెతస్కోపు ఎడమ రొమ్ము మీద పెట్టింది, కుడివైపు పెట్టింది, మళ్ళీ ఎడమవైపు. వేళ్ళతో తట్టి చూసింది. "ఇటుపక్క ఊపిరే లేదు," అంది. "గాలి ఊపిరితిత్తి బయట చేరి గుండెను నొక్కేస్తోంది. లావు సూది ఇవ్వండి, ఎక్స్‌రేకి టైం లేదు." కాలర్ ఎముక కింద రెండు ఎముకల నడుమ గుచ్చింది. సైకిల్ ట్యూబులోంచి పోతున్నట్టు గాలి బుసకొట్టి బయటికొచ్చింది. ఆ చప్పుడు గదిలో ఉన్న అందరికీ వినిపించింది.

కాసేపటికి అతని పెదవుల రంగు మారింది. అంచులమ్మ గోడ పట్టుకుని కింద కూర్చుని ఏడ్చింది. తలెత్తి చూస్తే తెర పక్కన తమ్ముడు లేడు.

తరవాత రోజుల్లో అతని పక్కలోంచి ఒక గొట్టం, దాని చివర నీళ్ళు పోసిన సీసా. ఊపిరి వదిలినప్పుడల్లా నీళ్ళలో బుడగలు లేచేవి. ఊపిరితిత్తి మెల్లగా విచ్చుకుంటోందని డాక్టరమ్మ చెప్పింది. ఇన్నేళ్ళ కొలిమి పనికి అది ముందే పలచబడి ఉందట. మనిషి బతికినట్టే, తిరుగుతాడు, తింటాడు. కానీ ఊదే పని ఇక లేదు. బెలూన్ కూడా ఊదకూడదు. ఆ మాట మంచం పక్కనే నిలబడి చెప్పింది, అతను వింటుండగానే.

డాక్టరమ్మ వెళ్ళాక అతను చాలాసేపు సీసా వైపు చూశాడు.

"చూడవే," అన్నాడు సన్నగా. "తిత్తి మేస్త్రీ ఆఖరి బుడగలు. ఇవి కూడా వంకర లేకుండానే వస్తున్నాయి."

ఆమెకు నవ్వు రాలేదు. అతను కూడా నవ్వలేదు, నవ్వితే గొట్టం గుచ్చుతుంది. చేతుల్లోంచి పోయింది పని ఒక్కటే కాదు, ఆ మనిషికి తనలో తనకు నచ్చిందంతా అందులోనే ఉంది. ఆమెకు ఆ సంగతి అతనికంటే బాగా తెలుసు.

తమ్ముడు మూడో అంతస్తు మెట్ల దగ్గరికి వచ్చి కబురంపాడు. లోపలికి రాలేదు. ఆమె వెళ్ళేసరికి గడ్డం మాసి, తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని ఉన్నాడు. బావకెలా ఉందని అడుగుతాడనుకుంది. అడిగి ఉంటే ఆమె అక్కడే కరిగిపోయేది.

"అక్కా, నేను డాక్టరమ్మతో ఏమీ లేదన్న సంగతి బావకి చెప్పావా?"

ఆమె వాణ్ణి తేరిపార చూసింది. సూది గురి తప్పడం వాడొక్కడి తప్పని ఆమె అనుకోలేదు. అందులో తన మాట ఉంది, అతని నవ్వూ ఉంది. దానికి ఎవర్ని తిట్టాలో ఆమెకే తెలియదు. కానీ వాడికి ఇప్పుడు కావలసింది బావ ప్రాణం కాదు, బావ దగ్గర తన మొహం.

"చెప్పలేదు," అంది.

"చెప్పకే. నీ కాళ్ళు పట్టుకుంటా. నేను ఇంకెప్పుడూ..."

"నువ్వే చెప్పు. గది అటుంది."

వాడు గదివైపు చూశాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె పిలవలేదు.

తిరిగి వచ్చేసరికి అతను దిండుకి ఆనుకుని మేలుకునే ఉన్నాడు.

"వాడే కదూ వచ్చింది? లోపలికి రాలేదేం?"

"పనుందట."

"పనేం కాదు. భయం. పిచ్చి సన్నాసి." ఊపిరి కోసం ఆగి, మళ్ళీ అన్నాడు. "వాణ్ణేం అనకే. కదలొద్దని వాడు చెప్పాడు. వెధవ జోకు వేసి నవ్వింది నేను. ఎవరడిగినా నేనే కదిలానని చెప్పు. పైగా వాడు పరిగెత్తుకొచ్చి డాక్టరుకి సూది సంగతి చెప్పబట్టి కదా నేను మిగిలింది. ఇంకొకడైతే దాచేవాడు."

ఆమె మంచం అంచు పట్టుకుంది. ఊ అంటే చాలు. ఒక్క ఊ అంటే తమ్ముడు మిగులుతాడు, అతనికి బామ్మర్ది మిగులుతాడు, పని పోయిన మనిషికి ఆటపట్టించడానికి ఒకడైనా ఉంటాడు. అసలు అనకపోయినా ఫరవాలేదు, ఊరుకుంటే చాలు. ఊరుకోవడమంటే ఏమిటో ఆమె ఆ తెర పక్కన చూసింది. యంత్రం మీద దిగిపోయిన అంకె కళ్ళ ముందుకొచ్చింది.

"వాడు చెప్పలేదయ్యా," అంది. "అడిగితే ఏమీ లేదన్నాడు. చెప్పింది నేను."

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మీద ఉన్న ఆ కాస్త నవ్వు పోయింది.

"వాడు లేదన్నాడా?"

"అన్నాడు. నేనూ వెంటనే చెప్పలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. కాసేపు నోరు మూసుకుని నిలబడ్డాను."

సీసాలో నీళ్ళు కదిలాయి. పక్క మంచం మీది రోగి ఎవరినో మంచినీళ్ళు అడుగుతున్నాడు. అతను తన చేతిని దుప్పటి మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్రతిదానికీ ఏదో ఒక మాట అంటించకుండా ఉండలేని మనిషి, ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ అడగనంత మామూలు గొంతుతో అడిగాడు.

"ఎంతసేపు?"

ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి కాదు, సరిగ్గా చెప్పడానికి.

"నువ్వు నావైపు తిరిగి చూసేదాకా," అంది.

అతను ఆమెవైపు చూడలేదు.